కొండ ముందు, పట్టా తరవాత

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ప్లాను చూశాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు. దాని అంచుల వెంబడి ఒక చుట్టు లైను. లోపలి యార్డులోంచి బయటికొచ్చే గనుల లైను దాని కిందనుంచి పోవడానికి ఒక వంతెన. ఓ మూల కొండ, కొండకి అటొకటి ఇటొకటి సొరంగం. గీత ముచ్చటగా ఉందిరా, కాదనను. కాని ఆ చుట్టు మీద రైలు ఎక్కదు.

ఎందుకో లెక్క చూడు. నువ్వు ఎంచుకున్నది హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. మన కరెంటు లైన్లలో పైతీగ పట్టాకి దాదాపు అయిదున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. 87తో భాగిస్తే ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. దాని మీద కాస్త ఖాళీ, గర్డరు మందం కలుపుకుంటే కింది పట్టాకీ పై పట్టాకీ మధ్య 9 సెంటీమీటర్లయినా కావాలి. యాభైకి ఒకటి వాలు పెట్టావనుకో, ఎక్కడానికి నాలుగున్నర మీటర్లు, దిగడానికి మళ్ళీ నాలుగున్నర. నీ షీటు మీద చుట్టంతా కలిపి ఆరు మీటర్లుంటుందేమో. ముప్ఫైకి ఒకటి చేసేస్తే పోలా అనకు. ఇంజను కొద్ది పెట్టెలకే చక్రాలు జారుతూ నిలబడిపోతుంది. పైగా వాలు మొదలయ్యే చోటా, ముగిసే చోటా పట్టా మెల్లగా వంగాలి. ఒక్కసారిగా విరిస్తే కప్లింగులు ఊడతాయి, ఇంజను ముందు చక్రాలు గాల్లో తేలతాయి.

దీనికి మార్గం ఉంది. పై లైను ఒక్కటే 9 సెంటీమీటర్లు ఎక్కాలని ఎవరన్నారు? అది నాలుగున్నర ఎక్కనీ, గనుల లైను నాలుగున్నర దిగనీ. పని సగమవుతుంది. అయితే కింది లైను దిగాలంటే దాని కింద చోటుండాలి కదా, నువ్వేమో ప్లైవుడ్ షీటు పరిచి అదే నేల అనుకున్నావు. అసలు తిరకాసు అక్కడే ఉంది. బల్లని నేల అనుకుంటే కొండలన్నీ దాని మీద తెచ్చి పెట్టినట్టుంటాయి, లోయ అనేది ఉండనే ఉండదు. షీటు పక్కన పెట్టి చెక్క చట్రం కట్టు. పట్టా పోయే చోట మాత్రం ప్లైవుడ్‌ని పట్టీలుగా కోసి, చట్రం మీద నిలబెట్టిన చిన్న చిన్న గుంజల మీద వెయ్యి. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో పట్టాకి పైన కొండ లేస్తుంది, పట్టాకి కింద వాగు దిగుతుంది.

వాలు కొలవడానికి ఖరీదైన పనిముట్లేవీ వద్దు. తాపీ మేస్త్రీల దగ్గర నీళ్ళు పోసిన ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది చూడు, అదొకటి చాలు. మీటరుకి రెండు సెంటీమీటర్లు లేచిందా లేదా అది చెబుతుంది. మలుపుల్లో ఆ రెండు కూడా పెట్టకు. మా రైల్వేలో బ్రాడ్‌గేజి మీద వంపు ఒక డిగ్రీ పెరిగితే వాలు 0.04 శాతం తగ్గించాలని రూలు, ఎందుకంటే మలుపు కూడా ఇంజనుని పట్టి లాగుతుంది. నీ బుల్లి రైలుకి మలుపులు అంతకన్నా బిగువు. బ్రాడ్‌గేజిలో మేం పెట్టే అతి బిగువైన వంపు పది డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. 87వ వంతులో అదే రెండు మీటర్లవుతుంది. నీ దగ్గరున్నదేమో అర మీటరు. సగం కొండ కష్టం ఆ మలుపులోనే ఉందన్నమాట.

సరే, ఇప్పుడు అసలు మాట. నీ ప్లానులో ముందు పట్టా గీశావు, తరవాత పట్టాకి అడ్డంగా కొండ పెట్టావు, ఆ కొండకి సొరంగం తొలిచావు. ఇంజనీర్లకి ఆ వరస దొరకదు. వాళ్ళు వెళ్ళేసరికి కొండ అక్కడే ఉంటుంది, వాగు పారుతూనే ఉంటుంది. సొరంగం తవ్వడమంటే డబ్బు, ప్రాణాలు. తప్పుకుని పోయే దారుంటే ఎవరూ తవ్వరు. నీ కొండ చూడు, పక్కనే మూడడుగుల చదును నేల పెట్టుకుని రైలు పనిగట్టుకుని కొండలో దూరుతోంది. చూసేవాడికి కారణం చెప్పలేకపోయినా, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది. అందుకని పెన్సిలు పట్టుకుని ముందు నీళ్ళు గియ్యి. వాన ఏ శిఖరం మీద పడుతుంది, ఏ దారిన దిగుతుంది, ఎక్కడ రెండు వాగులు కలుస్తాయి, బల్ల దాటి ఎటు పోతాయి. అది తేలితే వంతెన ఎక్కడుండాలో, కల్వర్టు ఎక్కడుండాలో, గట్టు ఎక్కడ కొయ్యాలో నువ్వు ఆలోచించక్కర్లేదు.

డెల్టావాడివి, నీకు నీళ్ళ సంగతి నేను చెప్పాలా? గుడివాడ నుంచి బందరు దాకా లైను చూస్తూ పెరిగావు. చదునే, కాని ఆ చదునులోనూ రైలు కట్ట మీద పోతుంది. కట్ట కిందనుంచి ప్రతి కాలవకీ, ప్రతి మురుగు బోదెకీ దారి వదిలారు. వదలని చోట ఆ నీళ్ళు పక్క ఊళ్ళో తేలతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇక్కడ ఏం చేసిందో నీకు తెలుసు. కొండ లైనులోనూ అదే లెక్క, కాకపోతే అక్కడ నీళ్ళు నిలవ్వు, దూకుతాయి.

నీ మనసులో ఉన్నది అరకు లైనని ఆ గనుల యార్డు చూడగానే అర్థమైంది. మంచి ఎంపిక. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, బైలడిల్లా ఇనప ఖనిజం విశాఖ రేవుకి చేర్చి జపానుకి పంపడానికి, జపాను వాళ్ళ సాయంతోనే 1960లలో వేసిన లైను అది. ఆ లైను మీద యాభైకి పైగా సొరంగాలు, వాటికి తోడు ఎన్నో వంతెనలు. బొడ్డవర దాటాక శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు, కరకవలస, అక్కడనుంచి సిమిలిగూడ. సముద్రమట్టానికి 996 మీటర్లు. కాశ్మీరు లైను రాకముందు మన బ్రాడ్‌గేజిలో అదే శిఖరం. ఒకసారి పగటి బండిలో పోయి రా. అద్దాల పెట్టెలో టికెట్టు దొరకలేదని మానుకోకు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే ఇంకా బాగా తెలుస్తుంది. సీనరీ చూడకు, కాగితం పెట్టుకుని సొరంగానికి ముందు ఏముందో రాసుకో. కొండ ఒక్కసారిగా నోరు తెరుచుకోదు. ముందు ఒక వైపు గట్టు కోసి ఉంటుంది, తరవాత రెండు వైపులా, గోడలు క్రమంగా లేస్తాయి, వాటి పాదాల దగ్గర కాలవ, అప్పుడుగాని సొరంగం రాదు. బయటికొచ్చాక చాలా చోట్ల వెంటనే గెడ్డ, దాని మీద వంతెన. రెండు లోయల మధ్య వీపులాంటి కొండని తొలిచి ఇవతలికొస్తే ఎదురయ్యేది లోయే కదా.

ఆ లైనులో నీకు కలిసొచ్చే సంగతి ఇంకోటుంది. ఖనిజంతో నిండిన బండ్లు కనుమలో దిగుతాయి, ఖాళీ బండ్లు ఎక్కుతాయి. మూడేసి ఇంజన్లు కలిపి నడిపిన లైనది. అక్కడ లాగుడెంత ముఖ్యమో బ్రేకు అంతకన్నా ముఖ్యం. నీ బల్ల మీద కూడా ఎక్కే బండికి ఖాళీ వ్యాగన్లు తగిలించు, దిగే బండికి బరువు నింపు. అసలు లైనుకీ న్యాయం, నీ ఇంజనుకీ సుఖం.

వంతెనల విషయంలో ఆశ తగ్గించుకో. గోదావరి ఆర్చి వంతెన పెడతానని ఫోన్లో అన్నావు. లెక్క వెయ్యి: 1997లో వాడకంలోకొచ్చిన ఆ వంతెనకి 28 ఖానాలు, ఒక్కోటి 97.55 మీటర్లు. 87వ వంతులో ఒక్క ఖానాయే మీటరు దాటుతుంది. మొత్తం పెడితే 31 మీటర్లు, మీ వీధి చివరికి పోతుంది. 1900లో కట్టిన పాత హేవలాక్ వంతెన 56 ఖానాలు, ఒక్కోటి 45.7 మీటర్లు. అంటే నీ కొలతలో అర మీటరు పైచిలుకు. దాని ఖానా ఒకటో రెండో పెడితే బల్ల నిండుతుంది, కాని అది చదును నేల మీది పెద్ద నది వంతెన, కొండలో కుదరదు. కొండ వాగుకి పొట్టి గర్డర్లు, పొడుగు స్తంభాలు. నమూనా కావాలంటే అరకు దాకా కూడా పోనక్కర్లేదు, నంద్యాల వైపు నల్లమలలో దిగువమెట్ట, గాజులపల్లి మధ్య దొరబావి వంతెన ఉండేది. 1880లలో మీటరుగేజి కోసం కట్టారు. బ్రాడ్‌గేజి వేసినప్పుడు లైనుని దారి మళ్ళించారు, దాంతో అది రైలు లేని వంతెనైపోయింది. దాని ఫొటోలు సంపాదించు, స్తంభానికీ లోయకీ ఉన్న పొత్తు చూడు. వంతెన ఎక్కడ పెట్టాలన్నదానికైతే మన ఊరే పాఠం. కృష్ణ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఇరుకుగా పోతుంది. 1855లో పూర్తయిన ఆనకట్ట, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ ఆ ఇరుకులోనే వచ్చాయి. 1893 నాటి తొలి రైలు వంతెన కూడా ఆ దాపులనే. నది ఇరుకైన చోటు, రెండు వైపులా రాయి ఉన్న చోటు. నీ వాగుకి కూడా అలాంటి చోటొకటి చూపించి అక్కడ దాటించు.

వంతెన మీద పట్టా గురించి ఒక్క మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఉక్కు గర్డర్ల మీద కంకర ఉండదు. స్లీపర్లు నేరుగా గర్డరు మీద కూర్చుంటాయి, వాటి సందుల్లోంచి కింద నీళ్ళు కనిపిస్తాయి. చక్రాలు నడిచే పట్టాల లోపలి వైపు ఇంకో జత గార్డు పట్టాలుంటాయి, వంతెన దాటాక అవి రెండూ మధ్యకి వంగి ముక్కులా కలుస్తాయి. బండి పట్టా తప్పినా వంతెన మీంచి పడకుండా పట్టుకునేవి అవే. మధ్యలో అక్కడక్కడా తనిఖీ ట్రాలీ పక్కకి తీసి నిలబెట్టుకోవడానికి చిన్న అరుగులుంటాయి. ఎదురుగా బండి వస్తుంటే పుష్ ట్రాలీ ఎత్తి ఆ అరుగు మీద పెట్టి, గాలికి చొక్కా ఎగురుతుంటే కమ్మీ పట్టుకుని నిలబడ్డవాడికి ఆ అరుగు విలువ తెలుస్తుంది. అగ్గిపుల్లలతో అరగంట పని, తప్పకుండా పెట్టు.

పట్టాకి కోడ్ 83 తీసుకో. మన మీటరుకి 60 కిలోల పట్టా 172 మిల్లీమీటర్ల ఎత్తు, నీ కొలతలో దాదాపు రెండు మిల్లీమీటర్లు, కోడ్ 83 ఎత్తూ ఇంచుమించు అంతే. కోడ్ 100 పట్టా చవకే గాని రెండున్నర దాటుతుంది, మొద్దుగా కనిపిస్తుంది. గేజి సంగతి మాత్రం నేను సర్దుకున్నాను, నువ్వూ సర్దుకో. మన 1676 మిల్లీమీటర్లకి లెక్కప్రకారం 19 పైన రావాలి, బజార్లో దొరికేదంతా 16.5, తెల్లవాళ్ళ గేజిది. అది సరిచేయాలని కూర్చుంటే ప్రతి చక్రం నువ్వే చేసుకోవాలి.

పట్టా వేసేటప్పుడు నిలబడి పైనుంచి చూసింది నమ్మకు, చెంప బల్లకి ఆనించి పట్టా వెంబడి చూడు. మా లైను మీద పట్టా చూసేవాళ్ళు చేసే పని అదే, వంగి చూస్తే మెలిక దాగదు. అతుకుల మీద గోరు జార్చు, తగిలితే ఆకురాయి పట్టించు. అతుకు మలుపు మధ్యలో రాకుండా చూసుకో, తప్పకపోతే రెండు పట్టాలనీ తిన్నగా ఉన్నప్పుడే టంకం వేసి తరవాత వంచు. పాయింట్లు వాలు మీద పెట్టకు, సొరంగంలో అసలే పెట్టకు. స్టేషను చదునుగా ఉండాలి. నిజం లైనులో కూడా స్టేషను యార్డుకి 400కి ఒకటి కన్నా ఎక్కువ వాలు ఒప్పుకోరు, లేకపోతే విడిచిన వ్యాగను దానంతట అదే షికారు పోతుంది. కనుమ స్టేషన్లలో క్యాచ్ సైడింగు కూడా వేస్తారు. పైనుంచి బ్రేకు తప్పిన బండి వస్తే దాన్ని మెయిను లైనులోకి రానీకుండా ఎదురు గుట్ట ఎక్కించే లైను అది, ఎటూ పోదు. నీ లేఅవుట్లో అదొకటి పెట్టావంటే మా డిపార్టుమెంటు వాళ్ళెవరైనా చూసి కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

మీ మేడ మీద గది అన్నావు. మే నెలలో ఆ స్లాబు కింద ఎండ నేను ఎరుగుదును. పట్టా సాగుతుంది. పది మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా పాతిక డిగ్రీల తేడాకి నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. చెక్క దానికి ఎదురు, వానల్లో ఉబ్బి ఎండల్లో చిక్కుతుంది. చలికాలంలో పట్టాలు ఒరుసుకునేలా బిగించేస్తే ఎండాకాలం పాములా మెలిక తిరుగుతాయి. టంకం వెయ్యని అతుకుల్లో పోస్టుకార్డు మందం సందు వదులు. కరెంటు వైర్లు మాత్రం ప్రతి పట్టా ముక్కకీ విడివిడిగా ఇవ్వు, అతుకుని నమ్మితే వానాకాలం రాగానే బండి అక్కడక్కడా ఆగుతుంది.

ఇవన్నీ అయ్యాక, రైలు నెలరోజులు ఉత్త చెక్కల మీద తిరిగి తప్పులన్నీ బయటపెట్టాక, అప్పుడు కాగితం మీద ముందే గీసిన కొండని కట్టు. అట్టపెట్టెల పట్టీలు జాలీలా అల్లు, మైదా జిగురులో ముంచిన పేపర్లు రెండు వరసలు, దాని మీద మందుల షాపులో దొరికే పీఓపీ కట్టు. థర్మోకోల్ వాడితే థిన్నర్ కలిసిన రంగు దగ్గరికి రానీకు, కరిగి గుంటలు పడుతుంది. పీఓపీలో ముందే జాజు కలుపు. తరవాత ఎక్కడైనా పెచ్చు లేచినా తెల్లగా కనపడదు. రంగు దేనికి సరిపోల్చుకోవాలో తెలుసా? గుణదల కొండకి. మన బెజవాడ కొండల రాయి ఖోండలైటు, అరకు దారిలో ఉన్నదీ తూర్పు కనుమల అదే రాయి. ఎండకి ఎండి వానకి నానిన పైతొక్క ఎరుపు, కొత్తగా విరిగిన చోట బూడిద రంగు. మొగల్రాజపురం వెనక కోసిన గట్టు దగ్గర నిలబడి చూసుకో.

కొండని బోర్లించిన ఇడ్లీలా చెయ్యకు. అందరూ అలాగే చేస్తారు. రాయి నిట్టనిలువుగా నిలబడగలదు, మట్టి నిలబడదు, జారి పాదం దగ్గర పరుచుకుంటుంది. 2020 అక్టోబరులో దసరా రోజుల్లోనే ఇంద్రకీలాద్రి మీంచి బండలు జారాయి. వాన పగుళ్ళలో దిగిందంటే ఎంత రాయైనా విడుతుంది. అందుకే పైన నిలువు రాయి, దాని కింద పడిన బండలు, వాటి కింద వాలు మట్టి, అక్కడ చెట్లు. బొడ్డవర పక్కన తాడిచెట్లు, పైకి పోయేకొద్దీ సిల్వర్ ఓక్, వాటికి మిరియాల తీగలు, నవంబరు అయితే వలిసెల పసుపు. అడవికి కొబ్బరి పీచు, రంగేసిన రంపపు పొట్టు, బీరపీచు చాలు. తాడిచెట్లు కొండపల్లి నుంచి తెద్దాం. తెల్ల పొణికి చెక్క నీ చేతికి కూడా వెన్నలా తెగుతుంది, రంపపు పొట్టునీ చింతగింజల జిగురునీ కలిపి వాళ్ళు చేసే మక్కు నీ బండరాళ్ళ సందులు పూడ్చడానికి ఏ విదేశీ డబ్బాకీ తీసిపోదు.

సొరంగం వెనక బల్ల వైపు చెయ్యి పట్టేంత కంత వదలడం మరిచిపోకు. బండి పట్టా తప్పడానికి ఎంచుకునేది ఎప్పుడూ సొరంగం నడిమధ్యనే. కంకర ఆఖరున: క్రషరు దుమ్ము టీ వడగట్టుతో జల్లించి, అయస్కాంతం పైన ఆడించి, నల్ల రేణువులన్నీ తీసెయ్యి, లేకపోతే అవి మోటారులో దూరతాయి. బ్రష్‌తో సర్ది, నీళ్ళు చల్లి, పలచటి ఫెవికాల్‌లో ఒక చుక్క షాంపూ వేసి సిరంజితో వదిలితే రాయి కదలకుండా పట్టుకుంటుంది.

ఎప్పుడైనా పుణె పోతే కొత్రూడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూసి రా. హాంబర్గ్ వాళ్ళ మినియాటూర్ వుండర్‌లాండ్ వీడియోలు చూసి మతి పోగొట్టుకోవద్దు. వాళ్ళకి డబ్బుంది, వందల మంది పనివాళ్ళున్నారు. ఒక గది, ఒక మనిషి, ఒక కనుమ చాలు.

అమ్మని అడిగానని చెప్పు. చట్రం చెక్క కొనే ముందు ఒక్క ఫోను కొట్టు. ఆటోనగర్‌లో తెలిసినవాడొకడు ఉన్నాడు, ఇనప కాళ్ళు వెల్డింగు చేయించి లారీ మీద వేయిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య

తా.క.: ఆ ఇనప కాళ్ళ కింద ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి కొంచెం కిరసనాయిలు పొయ్యమని మీ అత్తయ్య చెబుతోంది, మైదా జిగురు వాసనకి చీమలు ఎగబడతాయట. కిరసనాయిలు వద్దు, కింద వైర్లుంటాయి. నీళ్ళు పోసి, రెండు రోజులకోసారి మార్చు.